అడగకుండా తొమ్మిది వారాలు

పదకొండో భాగం

కిందటి వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందా? గుర్తులేకపోయినా ఫర్వాలేదు, నేనింకా అక్కడే ఉన్నాను. ఆస్పత్రి రెండో అంతస్తు, ఏడో నంబరు కిటికీ ఎదుట హాలు, చేతిలో నూట పద్ధెనిమిదో టోకెను. ఎడమ చెవి కింద దవడ మలుపులో గోళీకాయంత గడ్డ. గొంతు బొంగురుపోయి మూడు నెలలు. మా వీధి డాక్టరు తడిమి చూసి, "ఇది నా చేతిలో పని కాదమ్మా, కేన్సర్ స్పెషలిస్టు చూడాలి, చీటీ పంపుతున్నాను, రెండు వారాల్లో వాళ్ళే ఫోన్ చేసి పిలుస్తారు" అని చెప్పి తొమ్మిది వారాలైంది. వాళ్ళు పిలవలేదు. నేను అడగలేదు. అడగనిదాన్ని ఇవాళ ఎందుకొచ్చానంటే, పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఉమ్మిలో రక్తం కనిపించింది. అక్కడ ఆగాం.

నన్ను కొత్తగా పట్టుకున్నవాళ్ళకి రెండు ముక్కలు. నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఒక పెద్ద సంస్థలో ఉద్యోగుల సంక్షేమ విభాగంలో కౌంటర్ గుమాస్తాని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే కుర్చీ, దాని దిండు మాత్రం నాలుగుసార్లు మార్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడక్కండి, అది నాలుగో భాగంలో అయిపోయింది. ఉన్నది ఒక్కతే చెల్లెలు. ఊరికి అటు చివర ఉంటుంది. మా ఇద్దరికీ మాటల్లేక ఎనిమిదేళ్ళు. ఆఫీసులో వెనకాల నన్ను "టోకెనమ్మ" అంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకి తెలీదు.

హాల్లో కుర్చీలన్నీ ఒకదానికొకటి ఇనప కమ్మీతో బిగించి ఉన్నాయి. ఆ మూల ఎవరు లేచినా ఈ మూల మనం ఊగుతాం. గంటసేపు ఊగాక ఒక సంగతి గమనించాను. ఇక్కడ ఎవరూ ఒక్కరు లేరు. ప్రతి మనిషి పక్కనా ఇంకో మనిషి ఉన్నాడు. ఒకరు కాగితాలు పట్టుకుంటే ఒకరు మంచినీళ్ళ సీసా పట్టుకున్నారు. ఒకరు నిద్రపోతే ఒకరు టోకెను నంబరు చూస్తున్నారు. నా పక్క కుర్చీలో నా చేతిసంచి ఉంది. ఒకాయన వచ్చి, "ఎవరైనా ఉన్నారా అండీ ఇక్కడ?" అని అడిగాడు.

"ఎవరూ లేరు, కూర్చోండి" అని సంచి ఒళ్ళోకి తీసుకున్నాను. ఆయన తన భార్యని కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. నాకు ఎందుకో ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు.

నూట పద్ధెనిమిది పడింది. లేచి వెళ్ళాను.

కిటికీ అవతల ఒక అమ్మాయి. పసుపు స్వెట్టరు, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు, మొహం మీద పొద్దున్నుంచీ వినీ వినీ విసిగిపోయిన చూపు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దం ముందు నిలబడితే రోజూ కనిపిస్తుంది.

"చెప్పండమ్మా."

"తొమ్మిది వారాల కిందట మా డాక్టరుగారు చీటీ పంపారు. తొందరపెట్టడానికి రాలేదు. నా పేరు ఎన్నో నంబరులో ఉందో చూసి చెప్పావంటే వెళ్ళిపోతాను."

"కాస్త గట్టిగా చెప్పండి, వినపడట్లేదు."

"ఇంతకంటే గట్టిగా రాదు. అందుకేగా వచ్చాను."

పేరు అడిగింది. పుట్టిన తేదీ అడిగింది. వేళ్ళు టకటకలాడించి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసి, "మీ పేరు వెయిటింగ్ లిస్టులో లేదమ్మా" అంది.

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను." మళ్ళీ ఏదో నొక్కింది. ఈసారి ఆమె కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. "ఉండండి. ఉంది. కానీ ఇది మూసేసిన కేసు. 'పేషెంటు అందుబాటులో లేరు, చీటీ తిరిగి పంపడమైనది.' రెండో వారంలోనే మూసేశారు."

ఏడు వారాలు! ప్రతి రాత్రి పడుకోబోయే ముందు క్యాలెండరు మీద పెన్సిలుతో ఒక గీత గీసి, పోనీలే, ఒక రోజు దగ్గరపడ్డాను అనుకునేదాన్ని. ఆఫీసులో ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడి నా గొంతు తడుముకునేదాన్ని. నా ముందు ఎంతమంది ఉన్నారో, అందులో ఎంతమంది నాకంటే పెద్ద జబ్బువాళ్ళో అని, వాళ్ళని తల్చుకుని జాలిపడేదాన్ని కూడా. తీరా చూస్తే ఆ లైన్లో నేనే లేను.

"నేనెక్కడికి పోయాను అందుబాటులో లేకుండా?" అన్నాను. కోపానికి గొంతు చాలక మాట ఈల వేసినట్టు వచ్చింది. "ముప్ఫై ఏళ్ళుగా ఒకే ఇల్లు, పదిహేనేళ్ళుగా ఒకే నంబరు. ఊరు దాటి పోయిన పాపాన పోలేదు."

"మూడుసార్లు ఫోన్ చేశామమ్మా. మీరెత్తలేదు. మూడుసార్లు ఎత్తకపోతే చీటీ తిరిగి పంపేయాలి, అది రూలు."

"ఎప్పుడు చేశారు?"

చదివింది. "పదకొండు గంటల రెండు నిమిషాలకి. పదకొండు పదమూడుకి. పదకొండు ఇరవై నాలుగుకి."

"మూడూ ఒకే రోజు?"

జుట్టు ముడిలోని పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే గుచ్చుకుంది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మిగతావాళ్ళు కౌంటరు ముందు నిలబడితే అవతల మనిషి మొహం చూస్తారు. నేను గోడ చూస్తాను. ఏ ఆఫీసులోనైనా రూలు గుమాస్తా వెనక గోడ మీదే ఉంటుంది, గుమాస్తాకి కనపడనిచోట. ఈ అమ్మాయి తల వెనకాల, ఎండకి వెలిసిపోయిన కాగితం మీద నాలుగో వాక్యం: పేషెంటుకు మూడు వేర్వేరు రోజులలో, వేర్వేరు వేళలలో ఫోన్ చేయవలెను.

"నీ వెనకాల గోడ మీద నాలుగో వాక్యం చదువమ్మా" అన్నాను.

వెనక్కి తిరగలేదు. చదవకుండానే తెలుసని ఆ తిరక్కపోవడంలోనే తెలిసిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"చీటీ తిరిగి పంపిన సంతకం ఎవరిది?"

"నాదే" అంది. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. అందుకు ఆ పిల్ల మీద నాకు కాస్త గౌరవం కలిగింది, కోపం మాత్రం పోలేదు.

"ఎందుకలా చేశావు?"

చుట్టూ చూసి, కిటికీ రంధ్రం దగ్గరికి వంగింది. "ఆ రోజు నా వాటాకి తొంభై ఆరు పేర్లమ్మా. పక్క సీటు ఖాళీ, ఆవిడ సెలవు. సాయంత్రానికి ప్రతి పేరు పక్కనా ఏదో ఒకటి రాయాలి. డేట్ ఇచ్చాం అని, లేకపోతే తిరిగి పంపాం అని. మూడు రోజులు ఆగి చేద్దామంటే మూడు రోజులూ పెండింగ్ చూపిస్తుంది, పైనుంచి చీవాట్లు. అందుకని ఒకే పూట మూడుసార్లు కొట్టేస్తాం. ఇక్కడ అందరం అంతే. ఇది తప్పు కాదని నేననను."

"తిరిగి పంపిన చీటీ ఎక్కడికి పోయింది?"

"మీ డాక్టరుగారికే. ఆయన మీకు చెప్పాలి."

మా డాక్టరుగారు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఏడు వారాలుగా క్లినిక్కు తాళం వేసుకున్నారు. నా చీటీ ఆ తలుపు కింద సందులోంచి లోపలికి జారి, కరెంటు బిల్లుల మధ్య హాయిగా పడుకుని ఉంటుంది.

నిలదీయడానికి ఇంకా చాలా మాటలు నాలుక మీదికొచ్చాయి. ముప్ఫై ఏళ్ళు అవతల కూర్చున్నదాన్ని, ఇవతలి నుంచి ఎక్కడ గుచ్చితే ఎక్కడ తగులుతుందో నాకంటే ఎవరికి తెలుసు? అంతలో ఆ అమ్మాయే అడిగింది.

"పోనీ పదకొండింటికి మీరు ఫోనెందుకు ఎత్తలేదమ్మా? మూడుసార్లలో ఒక్కసారైనా?"

మా ఆఫీసులో కౌంటర్ వేళల్లో ఫోన్లన్నీ సొరుగులో పెట్టాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ రెండు నుంచి నాలుగు దాకా. ఆ నియమం పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే. కుర్రకారు ఫోన్లలో తలలు దూర్చి జనాన్ని నిలబెడుతున్నారని పైవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ పెట్టించాను. ఆ రోజు ఒంటిగంటకి సొరుగు తీస్తే తెలియని నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఎవరో స్థలాలమ్మేవాళ్ళు అయ్యుంటారని చెరిపేశాను.

అదే చెప్పాను.

"సరే" అంది. "రెండు వారాలు దాటాయి. మూడు దాటాయి. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా? ఇక్కడ నా ప్రాణాలు తోడేసేవాళ్ళున్నారమ్మా. ఒక పెద్దాయన వాళ్ళావిడ కోసం వారంలో నాలుగుసార్లొచ్చాడు. ఆ కిటికీ అంచు మీద గడ్డం ఆనించి నిలబడేవాడు, కదిలితే ఒట్టు. ఆవిడకి ఎనిమిదో రోజుకే డేట్ దొరికింది. మీరు తొమ్మిది వారాలు ఎలా ఊరుకున్నారు? ఎందుకడగలేదు?"

చేతిలోని టోకెను మడిచాను, మళ్ళీ విప్పాను.

ఉద్యోగంలో చేరిన నాలుగో రోజున మా హెడ్ గుమాస్తా ఒక పద్ధతి నేర్పాడు. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. మన బల్ల మీద ఫైళ్ళ దొంతర ఉంటుంది. ఎవరైనా వచ్చి "నా కాగితం ఎంతవరకొచ్చింది?" అని అడిగితే, "చూస్తామండీ" అని మర్యాదగా చెప్పి, అతను వెళ్ళగానే అతని ఫైలు తీసి దొంతర అడుగున పెట్టాలి. అంతే. ఒకసారి అడిగినవాడు రెండోసారి అడగడు. అడగనివాడి పని ముందు అవుతుంది. "లేకపోతే గొంతున్నవాడిదే రాజ్యం అయిపోతుందమ్మాయ్, నోట్లో నాలుక లేనివాళ్ళు ఏమైపోవాలి?" అన్నాడాయన. ఆ మాట నాకు న్యాయంగా తోచింది. ఆయన పోయాడు, ఆయన పద్ధతిని ముప్ఫై ఒక్క ఏళ్ళు కళ్ళకద్దుకుని నేను పాటించాను.

ప్రపంచంలో ఆఫీసులన్నీ ఇలాగే నడుస్తాయని నా నమ్మకం. అందుకే ఈ తొమ్మిది వారాల్లో ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నానో, అన్నిసార్లూ పెట్టేశాను. అడిగానా, నా చీటీ అడుక్కి పోతుంది. గుట్టుగా, మర్యాదగా ఊరుకుంటే ఏదో ఒకరోజు పైకొస్తుంది. గడ్డ పెరుగుతుంటే కూడా ఊరుకున్నాను.

"అడిగితే నా కాగితం అడుగున పెడతారనుకున్నాను" అన్నాను.

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "ఎవరు చెప్పారమ్మా మీకలా?"

"ఒకరు చెప్పడమేంటి? నేను చేసే పనే అది."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఇది కంప్యూటరమ్మా, దీనికి అడుగూ పైనా ఉండవు. ఎవరో ఒకరు అడిగినప్పుడే మేం ఆ పేరు తెరిచి చూస్తాం. అడగనివాళ్ళ పేరు తెరిచేవాళ్ళే ఉండరు" అంది.

కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డాను. వెనకాల నూట పంతొమ్మిది దగ్గుతున్నాడు. వెళ్ళిపోదామా అనిపించింది. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని, ఏమవుతుందో అదే అవనీ అని. అప్పుడు ఆ పిల్ల చప్పున ఫోనెత్తి లోపల ఎవరితోనో మాట్లాడింది. "అవును మేడమ్... గొంతే... అర్జెంటని రెడ్ స్లిప్ వేస్తాను... నా తప్పే మేడమ్, తరవాత తిట్టండి." ఫోను పెట్టి నా వైపు తిరిగింది.

"ఇవాళ మూడు నలభైకి ఒకాయన రానని చెప్పారు. ఆ టైము మీకిస్తారట. గొంతు డాక్టరు బుధవారం ఒక్కరోజే చూస్తారు. వచ్చే బుధవారాలన్నీ నిండిపోయాయి, ఇది తప్పితే మళ్ళీ ఐదు వారాలు. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా? తాగారా?"

"రక్తం చూశాక ఏం తింటాను? గుటక కూడా వెయ్యలేదు."

"మంచిదయింది. కాస్త మత్తిచ్చి, గొంతులోకి గొట్టం పంపి చూసి, చిన్న ముక్క తీస్తారు. మీ తోడు ఎవరు?"

"ఎవరూ లేరు."

"అంటే బయట ఉన్నారా?"

"బయటా లేరు."

టైపు చేస్తున్న వేళ్ళు ఆగాయి. "తోడు లేకుండా మత్తివ్వరమ్మా. అయినవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి, మీతో ఇంటికి రావాలి, ఈ రాత్రికి మీ దగ్గరుండాలి. ఆపరేషన్ రూము వాళ్ళు ఈ విషయంలో వెంట్రుకవాసి కూడా వదలరు."

"నువ్వు పెట్టు సంతకం. ఒకటి ఎలాగూ పెట్టావుగా."

అనకూడని మాటే. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను పెడితే చెల్లదమ్మా, చెల్లితే పెట్టేదాన్ని" అంది మెల్లిగా. "మూడున్నరకల్లా తోడు రావాలి. రాకపోతే టైము ఇంకొకరికిచ్చేస్తారు. ఎవరికైనా ఫోన్ చెయ్యండి. ఎవరో ఒకరు ఉంటారుగా, మనిషన్నాక?"

అప్పుడు రెండూ ఐదు.

మెట్ల దగ్గర కిటికీ గూట్లో కూర్చుని ఫోను తీశాను. నా ఫోనులో ఇరవై మూడు నంబర్లున్నాయి. గ్యాసు. నీళ్ళ కుళాయి బాగుచేసేవాడు. కరెంటు ఫిర్యాదులు. వీధి డాక్టరు. కుట్టు ఊడితే కుట్టే చెప్పులాయన. మా పై అధికారి, ఆయన పైన అధికారి. మొన్న చనిపోయిన ఒకావిడ, చెరపడానికి మనసొప్పలేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. యాభై తొమ్మిదేళ్ళు బతికి పోగేసిన మనుషులు వీళ్ళు. ఇందులో ఈ రాత్రికి నా ఇంట్లో పడుకొమ్మని ఎవరిని అడగను? కుళాయి మనిషినా?

సిగ్గు చంపుకుని పక్క సీటు గుమాస్తాకి చేశాను. పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, వాళ్ళావిడనైనా పంపుతాడని ఆశ. రింగవుతూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, రెండు దాటింది, మధ్యాహ్నం కౌంటరు. ఫోను సొరుగులో ఉంటుంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గులోకి మారి కళ్ళ నీళ్ళు పెట్టించింది.

ఇరవై మూడింటిలో లేని నంబరు ఒకటి ఉంది. అది ఫోనులో లేదు కానీ వేళ్ళకి తెలుసు. చెల్లెలిది.

ఆ సంగతి ఇన్నాళ్ళూ మీకు పూర్తిగా చెప్పలేదు. మాటలు పోయాయన్నాను, ఎందుకు పోయాయో దాటేశాను. ఇప్పుడు దాటేయడానికి లేదు. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, మా సంస్థలోనే స్టోర్స్‌లో పనిచేసేవాడు. పొట్టలో కేన్సరని అనుమానమొచ్చి ఇదే ఆస్పత్రికి పంపారు. అప్పట్లో పెద్ద ఆస్పత్రికి పోవాలంటే మా విభాగం నుంచి అనుమతి పత్రం కావాలి. ఆ పద్ధతి తరవాత ఎత్తేశారు. దానికి కాగితం పెట్టిన ఐదో రోజున చెల్లెలు కౌంటరుకొచ్చింది. అందరితోపాటు లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక, "అక్కా, ఆయన కాగితం ఎంతవరకొచ్చిందో కాస్త చూడవే, మనిషి సగమైపోయాడు" అంది.

హాలంతా చూస్తోంది. టోకెనమ్మ తన చెల్లెలికి ఏం చేస్తుందా అని వెనక బల్లల మీద కలాలు ఆగిపోయాయి. నేను "చూస్తామండీ" అన్నాను. సొంత చెల్లెల్ని అండీ అన్నాను. మధ్యలో ఉన్న మరిది ఫైలు లాగి దొంతర అడుగున పెట్టాను. నా వాళ్ళయినా ఒకటే, పరాయివాళ్ళయినా ఒకటే అని ఆ హాలుకి తెలియాలి, అంతే నా ధ్యాస. పది రోజుల్లో రావలసిన పత్రం ఇరవై ఆరు రోజులకి వచ్చింది. ఏడు నెలలకి ఆయన పోయాడు. ఆ పదహారు రోజుల వల్లే పోయాడని ఏ డాక్టరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు.

అక్క సాయం చెయ్యలేదని దానికి కోపం, అందుకే మాట్లాడదు అనుకున్నాను. సాయం చెయ్యకపోవడం వేరు, నేను చేసింది వేరు. అది దానికి తెలియదన్న ధైర్యంతోనే ఈ ఎనిమిదేళ్ళు అన్నం తిన్నాను.

నొక్కాను. నాలుగో రింగుకి ఎత్తింది. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు, యూనిఫాంలు కుడుతుంది.

"హలో, ఎవరండీ?"

"నేనే."

"నేనంటే? కాస్త గట్టిగా మాట్లాడండి, చెవిలో చెప్పినట్టుంది."

"అక్కని."

మిషన్ ఆగిపోయింది. ఊపిరి వినిపిస్తోంది. పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"ఏంటా గొంతు?" అంది చివరికి.

"జబ్బు గొంతులోనే." చెప్పాను. గడ్డ, చీటీ, తొమ్మిది వారాలు, మూడు నలభై, సంతకం.

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

"ఆఫీసంతా నీదే అనేదానివిగా?"

"ఎవరూ లేరే."

రమ్మని అడగడమే మిగిలింది. దాని ఊపిరిలో తేడా నాకు తెలుసు, చిన్నప్పుడు అలిగి కరిగే ముందు అలాగే పీల్చేది. ఒక్క మాట అంటే వచ్చేస్తుంది. కానీ ఏమీ తెలియని మనిషి చేత వచ్చి నా ప్రాణానికి సంతకం పెట్టించుకోవడం నావల్ల కాలేదు.

"రమ్మనే ముందు నీకొకటి చెప్పాలి. విన్నాక నీ ఇష్టం, రాకపోయినా నేనేమీ అనుకోను. ఆ రోజు నువ్వు కౌంటరుకొచ్చినప్పుడు మీ ఆయన ఫైలు..."

"అడుగున పెట్టావు" అంది.

"నీకెలా..."

"మీ కౌంటరుకి అడ్డం అద్దమే కదక్కా? ఎదురుగా నిలబడి ఉన్నాను. నా మొహం చూడకుండా పనిచేశావు గానీ, నీ చేతులు నాకు కనపడవనుకున్నావా?"

"మరి అప్పుడే ఎందుకడగలేదే?" అన్నాను. అనగానే సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు చెప్తావని చూశాను." దాని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన పోయిన రోజు చెప్తావనుకున్నాను. ఏడాది తిరిగాక చెప్తావనుకున్నాను. పిల్ల పెళ్ళికి పిలుపు పంపాను, ఆ వంకనైనా వచ్చి చెప్తావని. రాలేదు. ఆ తరవాత ఎదురుచూడ్డం మానేశాను."

"తప్పు చేశానే. ఘోరమైన తప్పు చేశాను."

"ఏ ఆస్పత్రి?"

"అదే."

"ఆయన్ని తీసుకెళ్ళిందేనా?"

"అదే."

ఫోను పెట్టేసింది. వస్తాననలేదు. రాననీ అనలేదు.

రెండూ ఇరవై. అటు చివర నుంచి బస్సులో గంట పడుతుంది. హాల్లోకి వచ్చి కూర్చుని తలుపు చూడడం మొదలుపెట్టాను. రెండున్నర. మూడు. మూడుంబావుకి పసుపు స్వెట్టరు అమ్మాయి కిటికీలోంచి కళ్ళతోనే అడిగింది, వచ్చారా అని. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఒకసారి ఫోన్ చేశాను, ఎత్తలేదు. రావడానికి దానికి కారణం ఒక్కటైనా ఉందా అని వెతికాను. నేను దాని చోట ఉంటే రాను. నా గురించి నాకు తెలుసు.

మూడు ముప్ఫై నాలుగుకి ఒక నర్సు అట్ట మీద కాగితం బిగించుకుని బయటికొచ్చింది. "మూడు నలభై, గొంతు పేషెంటు ఎవరమ్మా? తోడెవరు?"

నిలబడ్డాను. "ఇంకొక్క ఐదు నిమిషాలు ఆగుతారా అమ్మా?" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ మాట అడిగినవాళ్ళని నేనెన్నడూ మనుషులుగా చూడలేదు.

"నాలుగు ఆగుతాను" అంది నర్సు.

మెట్ల మీద ఎవరో రొప్పుతూ ఎక్కుతున్న చప్పుడైంది. లిఫ్టు కోసం ఆగలేదు కాబోలు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, చేతులకి నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. జుట్టు నాకంటే తెల్లబడిపోయింది. నన్ను దాటుకుని నేరుగా నర్సు దగ్గరికెళ్ళి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది నా చెల్లెలు.

"పేరు ఇక్కడ. ఫోను నంబరు ఇక్కడ. పేషెంటుకి మీరేమవుతారో ఇక్కడ. సంతకం కింద."

పేరు రాసింది. నంబరు రాసింది. మూడో గీత దగ్గర కలం ఆగింది.

"ఏమవుతారమ్మా?" నర్సు గొంతు పెంచింది. "తొందరగా రాయండి, లోపల డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు."

చెల్లెలు తలెత్తి నా వైపు చూసింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఆ కళ్ళలో జాలి వెతికాను, దొరకలేదు.

"ఏం రాయమంటావు?" అంది.

నర్సు గడియారం చూసుకుంది. మూడు ముప్ఫై ఎనిమిది. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. గొంతు రాలేదు.